డెబ్బై ఆరున్నర అంకణాలు

ఐదొందల పన్నెండు చదరపు మీటర్లంట.
నాకు మీటర్లు తలకెక్కవు.
మేత సంచి వెనకాల లెక్కేసి చూశా,
డెబ్బై ఆరున్నర అంకణాలు.
మా కోవూరులో అయితే ఆ జాగాలో
ఇల్లు పడుద్ది, బర్రెల కొట్టం పడుద్ది,
ఇంకా మల్లెపందిరికి మిగులుద్ది.

రాత్రి రెండు. రామతీర్థం పక్కన రొయ్యల గుంట గట్టు.
ఏరేటర్లు నాలుగూ తిరగతా ఉండాయి.
చెక్‌ట్రే ఎత్తేదానికి ఇంకా గంట.
సెల్లులో ఆ లోకం తెరిస్తే అక్కడ మిట్టమధ్యాహ్నం.
నేను కొత్త. వాళ్ళిచ్చింది బూడిదరంగు చొక్కా,
కాళ్ళకు చెప్పుల్లేవు,
నడిస్తే మోకాళ్ళు సరిగ్గా వంగవు.
ఎవరి వాకిట్లో రవంతసేపు నిలబడ్డా
ఎర్రగీతొకటి లేచి బయటికి తోసేది.

"కొనుక్కో," అన్నాడు కొంగతల తగిలించుకున్న ఒకాయన,
"నీదంటూ ఉంటే ఆ దర్జానే వేరు."
"బాడుగకి తీసుకో," అంది రెక్కలున్న ఒకామె,
"వారం వారం కట్టు. నచ్చకపోతే లేచిపో."

కొంటే ఇంక కట్టేదేం ఉండదు గదా?
"నెలనెలా శిస్తు ఉంటది."
సముద్రం ఎవరిది?
"కంపెనీది."
మరి కంపెనీ మూసేస్తే?
కొంగతల మెడ తిప్పుకుని
ఎగరని మేఘాల పక్క చూసింది.

చదువుకుని అడిగిన ప్రశ్నలు కావు ఇయ్యి.
మాది మూడు తరాల కౌలు.
చేను చూసేదానికి పోతే మా పెదనాన్న పెంచలయ్య
కాయితాలు అడిగేవాడు కాదు,
చిటికెడు మట్టి నాలిక మీదేసుకుని
ఉప్పెంతుందో చెప్పేవాడు.
అద్దం మీద నేనెక్కడని నాకేది?

ఇంతలో రెక్కలామె ఒక మాటంది:
"గడువు దాటినా నీ సామాన్లు యాడికీ పోవు.
గోడ, తలుపు, నువ్వేసిన చెట్టు,
అన్నీ వేళ్ళతో సహా
తిరిగొచ్చి నీ సంచిలో పడతాయి."

ఇంకోసారి చెప్పమన్నా.
ఇంకోసారి చెప్పింది.

పైడేరు పక్క ఆరెకరాలు,
మొలగొలుకులు పండిన చేను.
కోదండరెడ్డి బండి దిగకుండానే,
"ఈ ఏడు మా అల్లుడు చేసుకుంటాడంట పెంచలయ్యా."
అంతే.
మోటరు ఇప్పుకొచ్చాం. పైపులు మోసుకొచ్చాం.
రేకులు ఊడబీకితే మేకులన్నీ వంకర్లు పోయినాయి,
అయినా ఏరి డబ్బాలో పోసుకున్నాం.
బోరునెట్ట తెచ్చేది?
రెండొందల పదడుగుల లోతున తియ్యటి నీళ్ళు.
ఆయన దాని మూతికి గోనెపట్టా కప్పి, తాడు చుట్టి,
జొరమొచ్చిన పిల్లోడి నుదురు చూసినట్టు
ఒకసారి చెయ్యి పెట్టి చూశాడు.
ఏ సంచిలోకీ తిరిగి రాలా అది.

బాడుగకే తీసుకున్నా.
వారానికి రెండు టీలు మానుకుంటే సరిపోద్ది.
అందరూ ముందు మేడ కడతారంట,
నేను ముందు బోరేశా.
దాహం లేని లోకంలో బోరేందని
కొంగతల పడీపడీ నవ్వింది.
రెక్కలామె మాత్రం మాట్లాడకుండా
ఒక ఖాళీ బిందె తెచ్చి పక్కన పెట్టి పోయింది.

మూడున్నరకి కరెంటు పోయింది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
ఏరేటర్లు ఆగిన చప్పుడు ఎట్టుంటదో
రొయ్యలేసినోడికే తెలుసు.
సెల్లు గట్టు మీద పారేసి జనరేటర్ కాడికి ఉరికా.
హ్యాండిలు తిప్పీ తిప్పీ భుజం జారినంత పనయింది.
అది దగ్గి, పొగ కక్కి, అందుకునేసరికి
లైటేస్తే నీళ్ళ మీద తేలుతున్నాయి ఎర్రటి కళ్ళు,
గాలి కోసం.
ఒక్కొక్క జతే మళ్ళీ కిందికి దిగేదాకా
నేనూ ఊపిరి తీసుకోలా.

తిరిగొచ్చి సెల్లు తీస్తే
అక్కడ నేను బోరు పక్కన
తల వాల్చేసి నిలబడి ఉండా.
నెత్తి మీద అక్షరాలు: దూరంగా ఉన్నాడు.

ఎంతో దూరం పోలా లేబ్బా.
పక్క కౌలులోకే.